డర్బన్ రేవులో దిగినవాడు ఏం చూశాడు?



గాంధీ బొమ్మ మనందరికీ తెలుసు. బడి గోడ మీద ఉంటుంది. నోటు మీద ఉంటుంది. బోసినోరు, చేతికర్ర, మోకాళ్ల దాకా పంచె. కానీ ఈ పాఠంలో గాంధీ అట్లా ఉండడు. ఆయన వయసు 23 ఏళ్లు. ఒంటి మీద పొడుగు కోటు. తలకు పాగా. చదివింది లాయరు చదువు. బొంబాయిలో కేసులు దొరక్క తిరిగి వచ్చిన మనిషి.

1893లో ఆయనకు ఒక పని దొరికింది. ఆఫ్రికాలో డర్బన్ అనే ఊరు ఉంది. అక్కడ దాదా అబ్దుల్లా అనే గుజరాతీ సేటు ఉన్నాడు. ఓడలు ఉన్న ఆసామి. ఆయన పెద్ద దావా ఒకటి కోర్టులో నడుస్తోంది. ఒక ఏడాది వచ్చి సాయం చెయ్యమన్నారు. జీతం 105 పౌండ్లు. రానుపోను ఓడ ఖర్చు వేరే. పౌండు అంటే ఇంగ్లీషు వాళ్ల డబ్బు. అప్పట్లో ఒక పౌండుకు 20 షిల్లింగులు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. ముందు పని ఉంది.

గాంధీ ఏప్రిల్‌లో బొంబాయిలో ఓడ ఎక్కాడు. మే నెలాఖరుకు డర్బన్‌లో దిగాడు.

ప్రపంచ పటం ఉంటే తియ్యండి. ఆఫ్రికా ఖండం కింది చివర చూడండి. కుడివైపు సముద్రం ఒడ్డున డర్బన్ ఉంటుంది. ఆ సముద్రం హిందూ మహాసముద్రం. మన కొత్తపట్నం ఒడ్డున అలలు కొట్టే బంగాళాఖాతం కూడా అందులో భాగమే. అంటే ఆ ఊరికీ మనకూ మధ్య ఉన్నది ఒక్కటే నీరు.

కొత్త ఊరు పోయినప్పుడు మనం ముందు ఏం చూస్తాం? మేడలు చూస్తాం. అంగళ్లు చూస్తాం. గాంధీ మాత్రం రేవులో నిలబడి మనుషులను చూశాడు. ఎవరు ఎవరికి ఎంత మర్యాద ఇస్తున్నారో చూశాడు. సేటును పలకరించే తెల్లవాళ్ల మాటలో చులకన కనిపించింది. ఓడలున్న మనిషికే ఆ మర్యాద! గాంధీకి అది ముల్లులా గుచ్చుకుంది. సేటు మాత్రం దాన్ని పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇదంతా గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

డబ్బు ఉండి మర్యాద లేనివాళ్లు వీళ్లు. డబ్బూ మర్యాదా రెండూ లేనివాళ్లు ఇంకా కింద ఉన్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లు ఉన్నారు.

డర్బన్‌లో మన దేశస్తులు అందరూ ఒక్కటిగా లేరు. ముస్లిం వ్యాపారులు మేము అరబ్బులం అని చెప్పుకునేవాళ్లు. పార్సీ గుమాస్తాలు మేము పర్షియా వాళ్లం అనేవాళ్లు. కూలీలతో కలిపి చూస్తారని భయం. అడుగున ఉన్నది తమిళులు, తెలుగువాళ్లు, ఉత్తరాది పేదలు. చెరకు తోటల్లో పని చేసేవాళ్లు. తెల్లవాళ్లకు వీళ్లంతా "కూలీలు". చివరికి మన దేశం మనిషి ఎవరైనా కూలీయే. గాంధీని కూడా "కూలీ లాయరు" అన్నారు.

ఇంకో పిలుపు కూడా ఉంది. "సామి". రామసామి, వీరాసామి అని పేర్లు ఉంటాయి కదా, ఆ తోక పట్టుకుని ప్రతివాణ్ణీ "సామీ" అని పిలిచేవాళ్లు. ఎగతాళిగా. కానీ సామి అంటే అసలు అర్థం యజమాని. మాటకారి ఎవడైనా ఉంటే, నన్ను దొరా అని పిలుస్తున్నావు, నేను నీ దొరను కాదే అని తిప్పికొట్టేవాడట. దెబ్బ తింటున్నా మాట పోగొట్టుకోలేదు చూడండి.

మనవాళ్లు అంత దూరం ఎట్లా పోయారు?

ఆ నేల జులూ అనే జాతి వాళ్లది. తెల్లవాళ్లు వచ్చి అక్కడ చెరకు తోటలు వేశారు. జులూ వాళ్లకు పశువులు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి. తెల్లవాళ్లు ఇచ్చే కూలికి, పెట్టే షరతులకు వాళ్లు తోటల్లోకి రాలేదు. అప్పుడు తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. మన దేశమూ ఇంగ్లీషు వాళ్ల చేతిలోనే ఉంది.

మద్రాసు రేవు నుంచి "ట్రూరో" అనే ఓడ బయలుదేరింది. 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదటి ఓడ. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1911 వరకు ఓడలు పోయాయి. మొత్తం 1,52,000 మంది. ఎక్కువమంది మద్రాసు నుంచే ఎక్కారు. విశాఖ, గోదావరి, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు వెళ్లారు.

ఎందుకు వెళ్లారో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1876లో ధాత కరువు వచ్చింది. పెద్దవాళ్ల నోట ఆ పేరు విని ఉంటారు. నెల్లూరు, కడప, కర్నూలు, బళ్లారి సీమలను ఊడ్చిపెట్టింది. అప్పట్లో మన కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం కర్నూలు జిల్లా. ఊరిలో గింజ లేనప్పుడు మేస్త్రీ వచ్చి, ఓడ ఎక్కితే బువ్వ ఉంది అంటే ఎవరు ఎక్కరు? మనం ఇప్పుడు మిరప కోతలకు గుంటూరు వైపు పోవడం లేదా? బేల్దారు పనికి బెంగళూరు, హైదరాబాదు పోవడం లేదా? కాకపోతే మన పయనం ఒక రాత్రి బస్సు. వాళ్లది నెల పైన సముద్రం.

ఓడ ఎక్కే ముందు ఒక కాగితం ఉండేది. దాని పేరు అగ్రిమెంటు. ఒప్పందం అన్నమాట. ఉత్తరాది కూలీల నోట్లో ఆ మాట "గిర్మిట్" అయింది. ఆ కాగితం కింద వెళ్లినవాళ్లు "గిర్మిటియాలు" అయ్యారు. చదవడం వచ్చినవాళ్లు తక్కువ. ఒక గీత గీశారు, లేదా వేలిముద్ర వేశారు. ఓడ ఎక్కారు.

ఆ కాగితంలో ఏముంది? అయిదేళ్లు పని. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు. తరువాత ఏడాదికి ఒక షిల్లింగు పెంపు. తిండి గింజలు, ఉండటానికి ఒక గది. ఆడమనిషికి సగం కూలి. చేసేది అదే చెరకు, అదే ఎండ, కూలి మాత్రం సగం. పని వదిలి వెళితే అది నేరం. జైలుకు పంపుతారు. మామూలుగా పని మానేస్తే కూలి పోతుంది. ఇక్కడ మనిషే పోతాడు.

ఇప్పుడు పలక తీసుకోండి. లెక్క వేద్దాం.

గాంధీ జీతం ఏడాదికి 105 పౌండ్లు. ఒక పౌండుకు 20 షిల్లింగులు. 105ను 20తో గుణిస్తే 2,100 షిల్లింగులు. తోటలో మగ కూలికి నెలకు 10 చొప్పున ఏడాదికి 120 షిల్లింగులు. ఆడమనిషికి 60. గాంధీకి ఒక ఏడాదిలో వచ్చింది మగ కూలి సంపాదించాలంటే పదిహేడున్నర ఏళ్లు పడుతుంది. ఆడమనిషికి 35 ఏళ్లు పడుతుంది. అదీ రోగం రొష్టు లేకుండా ఉంటే. గాంధీకి ఇచ్చింది పెద్ద జీతమేమీ కాదు. లాయరుగా కాదు, కంపెనీ నౌకరుగా పోతున్నట్టుందే అని ఆయనకే అనిపించింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. సేటు గారి దావా అంతా ఖాతా లెక్కల మీద నడిచింది. గుమాస్తా మాటిమాటికీ "పీ నోటు, పీ నోటు" అంటున్నాడు. లండనులో చదివిన లాయరుకు అదేందో తెలియలేదు. డిక్షనరీ తిరగేసినా దొరకలేదు. చివరికి గుమాస్తానే అడిగాడు. అది ప్రామిసరీ నోటు. మన ప్రోనోటు! వడ్డీ వ్యాపారి ఎదురుగా కూర్చుని వేలిముద్ర వేసిన మనకు ఆ మాట పుట్టినప్పటి నుంచీ తెలుసు. గాంధీ వెంటనే లెక్కల పుస్తకం కొని చదువుకున్నాడు. ఇంకో సంగతి. అన్ని ఓడలున్న అబ్దుల్లా సేటుకు చదువు దాదాపు రాదు. అనుభవంతో నెట్టుకొచ్చాడు. కానీ ఆయన దగ్గర కాగితాలు చదివిపెట్టే గుమాస్తాలు ఉన్నారు. తోట కూలీకి ఎవరున్నారు?

డర్బన్‌లో దిగిన రెండు మూడు రోజులకే కోర్టులో తలపాగా తియ్యమన్నారు. గాంధీ తియ్యలేదు, లేచి వచ్చేశాడు. వారం తరువాత రైల్లో మొదటి తరగతి టికెట్ ఉండగానే పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో కిందికి నెట్టేశారు. ఈ కథ మీరు వినే ఉంటారు. దానికంటే నాకు ఎక్కువగా గుర్తుండేది మరో మనిషి కథ.

1894లో ఒక తమిళ కూలీ గాంధీ దగ్గరికి వచ్చాడు. పేరు బాలసుందరం. బట్టలు చినిగిపోయాయి. ముందు పళ్లు రెండు విరిగాయి. నోట్లోంచి రక్తం కారుతోంది. తెల్ల యజమాని కొట్టాడు. అంత బాధలో కూడా ఆ మనిషి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకంటే దొర ముందు తలగుడ్డ తియ్యాలి. అది అక్కడి పద్ధతి. తన దేశం మనిషి ముందు కూడా తియ్యాలేమో అనుకున్నాడు. గాంధీ ముందు ఆ తలగుడ్డ కట్టుకోమన్నాడు. అతను సంకోచిస్తూ కట్టుకున్నాడు. అతని ముఖంలో సంతోషం కనిపించింది.

తరువాత గాంధీ అతణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి దెబ్బలకు కాగితం రాయించాడు. ఆ కాగితంతో మేజిస్ట్రేటు దగ్గరికి పోయాడు. అయినా కూలీకి యజమానిని వదిలే హక్కు లేదు. ఒప్పందాన్ని ఇంకొకరి పేరు మీదికి మార్చాలి, అంతే. గాంధీ ఇంకో యజమానిని వెతికి మార్పించాడు. ఆ వార్త తోటలన్నిటికీ పాకింది. మన గురించి పట్టించుకునే మనిషి ఒకడు ఉన్నాడని కూలీలకు తెలిసింది.

అయిదేళ్లు అయిపోతే? కొందరు తిరిగి వచ్చారు. చాలామంది అక్కడే ఉండిపోయి కూరగాయలు పండించారు, చేపలు పట్టారు, చిన్న అంగళ్లు పెట్టారు. అది తెల్ల వ్యాపారులకు గిట్టలేదు. 1895లో ఒక చట్టం తెచ్చారు. ఒప్పందం అయినవాళ్లు మళ్లీ ఒప్పందం రాసుకోవాలి, లేదా దేశం వదలాలి, లేదా ఏడాదికి మనిషికి 3 పౌండ్లు పన్ను కట్టాలి. తరువాత 16 దాటిన మగపిల్లలకు, 13 దాటిన ఆడపిల్లలకు కూడా పన్ను వేశారు.

మళ్లీ పలక తీయండి. మొగుడు, పెళ్లాం, ఎదిగిన పిల్లలు ఇద్దరు. నలుగురికి పన్ను 12 పౌండ్లు. అంటే 240 షిల్లింగులు. ఆ ఇంటి మగమనిషి సంపాదన నెలకు 14 షిల్లింగులకు మించదని గాంధీ రాశాడు. ఏడాదికి 168. సంపాదన 168, పన్ను 240. తిండి తినకుండా మొత్తం కట్టినా ఇంకా 72 తక్కువ! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ పన్ను వసూలు కావాలని వేసింది కాదు. కట్టలేక మళ్లీ వేలిముద్ర వెయ్యాలని వేసింది. పేదరికం తలరాత అంటారు. ఇక్కడ మాత్రం దాన్ని ఆఫీసులో కూర్చుని కలంతో రాశారు.

ఆ పన్ను మీద పోరాటంలో ఆడవాళ్లు ముందుకు వచ్చారు. 1913 మార్చిలో అక్కడి కోర్టు ఒక తీర్పు చెప్పింది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లి చట్టం ముందు చెల్లదు అని. అంటే హిందువుల, ముస్లిముల పెళ్లాలెవరూ పెళ్లాలు కారు! ఆడవాళ్లకు రోషం వచ్చింది. తమిళ ఆడవాళ్లు కొందరు, చంటిబిడ్డలను చంకన వేసుకుని, బొగ్గు గనులున్న న్యూకాజిల్‌కు పోయారు. గని కార్మికులతో మాట్లాడారు. పని ఆపించారు. నవంబరులో 2,000 మందికి పైగా కాలినడకన సరిహద్దు వైపు బయలుదేరారు. వాళ్లలో ఆడవాళ్లు 127 మంది. కస్తూరిబా జైలుకు పోయింది. వల్లియమ్మ అనే పదహారేళ్ల పిల్ల జైలులో జ్వరం తెచ్చుకుని, బయటికి వచ్చిన కొద్ది రోజులకే 1914 ఫిబ్రవరిలో చనిపోయింది. అదే ఏడాది 3 పౌండ్ల పన్ను రద్దయింది. మన పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు దిగితే ఏం కనిపిస్తుంది?

ఇప్పుడు డర్బన్‌కు విమానంలో పోతారు. విమానాశ్రయం పేరు కింగ్ షాకా. షాకా జులూ రాజు. 2010లో తెరిచారు. ఊరికి ఉత్తరాన ఉంది. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెరకు చేలు ఉన్నాయి. అక్కణ్ణుంచి ఊళ్లోకి వచ్చే దారిలో ఉమ్లాంగా అనే చోట సముద్రం ఒడ్డున అద్దాల మేడలు, పెద్ద పెద్ద మాల్‌లు ఉంటాయి. ఇంకా లోపలికి వస్తే కొండవాలుల మీద రేకుల గుడిసెలు. అట్టముక్క, చెక్కముక్క, పాత రేకు. ఒకదాని మీద ఒకటి పడినట్టు ఉంటాయి. కెన్నడీ రోడ్ అనే గుడిసెల పేట ఊరి చెత్త పోసిన దిబ్బ పక్కనే ఉంది.

ఆ గుడిసెల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. ఆ నేల అసలు ఎవరిదో వాళ్లే! ఇది ఎట్లా జరిగింది? 1913లోనే ఇంకో చట్టం వచ్చింది. భూమి చట్టం. దేశంలో నూరు ఎకరాలు ఉంటే సుమారు ఏడు ఎకరాలు మాత్రమే నల్లవాళ్లకు వదిలారు. జనంలో ఎక్కువమంది వాళ్లే. మన ఊళ్లో నూరు ఎకరాలకు 93 ఎకరాలు పైవాళ్లు తీసుకుంటే మిగతా ఊరంతా ఎక్కడికి పోతుంది? పట్నానికి పోతుంది. పట్నంలో కూడా 1950లో ఇంకో చట్టం పెట్టారు. తెల్లవాళ్లు ఉండే చోట వేరేవాళ్లు ఉండకూడదు. మనవాళ్లను కూడా ఇళ్లు ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ లాంటి పేటలకు తరలించారు. ఈ చట్టాలు 1991లో రద్దయ్యాయి. 1994లో అందరికీ ఓటు వచ్చింది. 27 ఏళ్లు జైలులో ఉన్న నెల్సన్ మండేలా దేశాధ్యక్షుడు అయ్యాడు. ఆయన తన ఓటు వేసింది డర్బన్ దగ్గర ఇనాండాలో.

చట్టం పోయింది. గుడిసె పోలేదు. 2022 ఏప్రిల్‌లో డర్బన్‌లో కుండపోత వాన కురిసింది. 400 మందికి పైగా చనిపోయారు. వాగుల ఒడ్డున, కొండవాలుల్లో ఉన్న గుడిసెలు కొట్టుకుపోయాయి. వాన అందరి మీదా పడింది. కానీ వాగు ఒడ్డున ఇల్లు కట్టుకున్నది ఎవరు?

మన తెలుగువాళ్ల మనుమలు, మునిమనుమలు ఇప్పుడు అక్కడ డాక్టర్లు, టీచర్లు, వ్యాపారులు అయ్యారు. కష్టంలో ఉన్నవాళ్లూ ఉన్నారు. నాయుడు, రెడ్డి అనే పేర్లు అక్కడ కూడా వినిపిస్తాయి. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు గానీ ఉగాది మరచిపోలేదు. కొందరు తాతముత్తాతల ఊరు వెతుక్కుంటున్నారు. ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, ఊరు, ఒంటి మీద గుర్తు రాశారు. కానీ మనిషి చెప్పింది తెలుగులో. గుమాస్తా రాసింది ఇంగ్లీషులో, తన చెవికి వినబడినట్టు. తప్పు రాశావయ్యా అని చెప్పడానికి ఆ మనిషికి చదువు రాదు. ఒక అక్షరం మారితే ఊరు మారిపోతుంది. మన మండలం పేరే చూడండి, చంద్రశేఖరపురం అనీ, సి.ఎస్.పురం అనీ రెండు రకాలుగా రాస్తున్నాం.

మార్కాపురం పలక మీద దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పలక కోసి, అరగదీసిన ఆడవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు ఎంతమంది? డర్బన్ చక్కెర కూడా అట్లాంటిదే. ప్రయాణికుడికి మేడ ఒకచోట, గుడిసె ఒకచోట కనబడతాయి. రెండిటినీ కలిపేది చెరకు కోసిన చెయ్యి. అది కనబడదు.

డర్బన్‌లో వార్విక్ అనే చోట పెద్ద సంత ఉంది. వేలమంది చిన్న వ్యాపారులు. ఎక్కువమంది ఆడవాళ్లు. ఉడికించిన మొక్కజొన్న కంకులు, వేళ్లు, మూలికలు, కూరగాయలు అమ్ముతారు. అందులో పొద్దున్నే తెరిచే కూరగాయల మార్కెట్టు ఒకటి ఉంది. 1910లో మొదలైంది. కూరలు పండించిన మన గిర్మిటియాల పిల్లలు అక్కడ గంపలు దించారు. 2009లో నగరపాలక సంస్థ దాన్ని తీసేసి మాల్ కట్టాలని చూసింది. భారతీయులు, జులూ ఆడవాళ్లు కలిసి అడ్డుకున్నారు. కోర్టుకు పోయారు. మాల్ రాలేదు. మార్కెట్టు నిలిచింది.

ఈ వారం ఇంటి పని.

మన పక్క కడప జిల్లా నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ పోతున్నారు. పదో తరగతి పాసు కాని వాళ్ల పాస్‌పోర్టును ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటి పనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వం అనుమతి కావాలి. హైదరాబాదులో దానికి ఆఫీసు ఉంది. వలస పోయేవాళ్లను కాపాడే అధికారి ఆఫీసు. అట్లాంటి పేరున్న అధికారి బాలసుందరం కాలంలో డర్బన్‌లో కూడా ఉండేవాడు.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా అట్లా పోయి ఉంటే, లేదా ఇటుక బట్టీకి, మిరప కోతకు అడ్వాన్సు తీసుకుని ఉంటే, వాళ్ల కాగితం అడగండి. జీతం ఎంత, పని గంటలు ఎన్ని, సెలవు ఉందా, మధ్యలో వచ్చేస్తే ఏం చెయ్యాలి, ఈ నాలుగూ అందులో ఎక్కడ రాశారో వెతకండి. దొరికింది మీ నోటుపుస్తకంలో రాసుకుని శుక్రవారం కేంద్రానికి తీసుకురండి. కాగితమే లేదంటే, "కాగితం లేదు" అని రాసుకుని రండి.